నాలుగువందల పన్నెండో నంబరు

రిజిస్టరు మూసి బీరువాలో పెట్టి, తాళంచెవి అటెండరు పైడయ్యకిచ్చి, సోని ఏమీ జరగనట్టు హాస్టలు వైపు నడిచింది. పోయిన వారం మనం ఆమెను అక్కడ వదిలి వచ్చాం.

కథలోకి ఇప్పుడే వస్తున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. సోనిది డుంబ్రిగుడ దగ్గర కొండిగుడ. ఆ గూడెం నుంచి ఎమ్మెస్సీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. విశాఖపట్నంలో యూనివర్సిటీ జువాలజీ విభాగంలో చదువుతోంది. ఆమె, విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చిన సాయిదుర్గ, మరో నలుగురు కలిసి విభాగానికి ఒక పత్రిక పెట్టాలనుకున్నారు. దానికి 'చీమలబారు' అని పేరు కూడా పెట్టుకున్నారు. అంతకుముందు రెండేళ్లు సీనియర్లు తిరిగి తిరిగి వదిలేసిన అనుమతిని, 1998 జనవరిలో ప్రొఫెసర్ మోహన్‌కృష్ణ తనంతట తానే పిలిచి ఇచ్చారు. స్టోరు గదిలో తుప్పు పడుతున్న సైక్లోస్టైల్ మిషను బాగు చేయించారు. పరీక్షలు వాయిదా పడి పడి వేసవి దాటింది. జూలైలో మొదటి సంచిక పనిలో పడ్డారు. కొండ గూడేల్లో మన విభాగం చేసే మలేరియా సర్వే గురించి నువ్వు రాయి సోనీ, అవి మీ కొండలే కదా అని, ఆయనే రిజిస్టర్ల బీరువా తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

ఆ రిజిస్టర్లో నాలుగువందల పన్నెండో నంబరు ఎదురుగా ఇలా ఉంది. మాధవి, పదహారేళ్లు, కొండిగుడ. రక్తం తీసింది నిరుడు ఆగస్టు పదకొండున. స్లైడు చదివింది పందొమ్మిదిన. మలేరియా ఉంది, అందులోనూ మెదడుకు ఎక్కే రకం.

మాధవి సోని చెల్లెలు. సెప్టెంబరు ఆరో తేదీన చనిపోయింది. అది ఏ జ్వరమో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. గూడెం పూజారి దిసారి వచ్చి పూజ చేశాడు, కోడిని కోశారు, తొమ్మిదో రోజు డోలీలో కిందికి మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. అది ఏ జ్వరమో విభాగంలో మాత్రం పద్దెనిమిది రోజుల ముందే రాసి ఉంది.

*

తర్వాత మూడు రోజులు సోని తన పనులన్నీ చేసుకుంది. మెస్సులో పెట్టిందంతా తిన్నది. క్లాసులకు వెళ్లింది. సాయంత్రాలు స్టోరు గదిలో కూర్చుని స్టెన్సిల్ కాగితం మీద ఇనప కలంతో అక్షరాలు చెక్కింది. సాలెపురుగుల మీద ఒకటి, చేపల చెరువుల మీద ఒకటి, రెండు వ్యాసాలు పూర్తయ్యాయి. ఎప్పుడూ పేజీకి నాలుగు తప్పులైనా పోయి, ఎర్ర ద్రవం పూసి దిద్దుకునే మనిషి. ఆ మూడు రోజుల్లో ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. నీ చేతికి ఇవాళ ఏమయిందే, అచ్చు గుద్దినట్టు రాస్తున్నావు అని సాయిదుర్గ మెచ్చుకుంది కూడా.

అప్పుడు చెప్పింది సోని. తలెత్తకుండా, చెక్కుతున్న గీత ఆపకుండా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. సాయిదుర్గ ఏడ్చింది. సోనికి ఏడుపు రాలేదు. ఏడుస్తున్న సాయిదుర్గకు మంచినీళ్లు ఇచ్చి, స్టెన్సిల్ మీద కన్నీళ్లు పడకుండా కాగితం పక్కకు జరిపింది.

"సారుకి తెలుసా?" అంది సాయిదుర్గ, ముక్కు తుడుచుకుంటూ.

మూడు రోజులుగా ఆ ఒక్క ప్రశ్న దగ్గరికే సోని వెళ్లలేదు. తన హాస్టలు సీటు కోసం వార్డెనుతో మాట్లాడింది ఆయన. చెల్లెలి కర్మ అయ్యాక తిరిగొస్తే, పోయిన ప్రాక్టికల్సు దగ్గర కూర్చోబెట్టి మళ్లీ చేయించింది ఆయన. ఈ యూనివర్సిటీలో తన ఊరి పేరు తప్పు పలకకుండా పలికేది కూడా ఆయనొక్కరే.

రెండో విడత సర్వే కోసం ఆయన డుంబ్రిగుడ క్యాంపులో ఉన్నారు. మర్నాడు పొద్దున్న పాసింజరు బండికి ఇద్దరూ బయల్దేరారు. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలు కేకలు పెడుతున్నారు. చీకటి, వెలుతురు, మళ్లీ చీకటి. ఏమని అడుగుతావని సాయిదుర్గ అనంతగిరి కొండలు దాటేదాకా అడుగుతూనే ఉంది. సోని కిటికీ ఊచ పట్టుకుని కాఫీతోటల కేసి చూస్తూ కూర్చుంది. అరకులో దిగి, సంతకెళ్లే జనంతో కిక్కిరిసిన జీపులో ఇరుక్కుని, మధ్యాహ్నానికి డుంబ్రిగుడ చేరారు.

*

క్యాంపు అంటే రోడ్డు పక్కన అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు. వసారాలో ఒక బల్ల, దాని మీద మైక్రోస్కోపు. మోహన్‌కృష్ణ లోపల భోజనం చేస్తున్నారు. వీళ్లను చూసి సంతోషపడ్డారు. పత్రిక ఎంతవరకు వచ్చిందని అడిగారు. రెండు విస్తళ్లు వేయమని పైడయ్యతో చెప్పారు. రిజిస్టర్లతో పాటు ముందురోజే పైకి వచ్చిన పైడయ్య, అన్నం సరిపోతుందో లేదోనని గిన్నె మూత తీసి చూశాడు.

సోని కూర్చోలేదు. "సార్, నాలుగువందల పన్నెండు మా చెల్లెలు" అంది.

ఆయన చెయ్యి ముద్ద మీదే ఆగింది. ఏ నాలుగువందల పన్నెండు అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని సోనికి అనిపించింది. చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన వసారాలో కుర్చీలో కూర్చున్నారు. సాయిదుర్గ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పైడయ్య పెరట్లోకి వెళ్లిపోయాడు.

సర్వే ఎలా జరుగుతుందో ఆయన చెప్పడం మొదలుపెట్టారు, క్లాసులో చెప్పినట్టే, తొందర లేకుండా. గాజుపలక మీద రక్తపూత తీసినప్పుడు పేర్లు రాసుకునే పుస్తకం వేరు. స్లైడు చదివేవాళ్లకు వెళ్లేది నంబరు మాత్రమే. పేరు చూసి చదివితే మనసు అటూ ఇటూ పోతుందని అలా పెట్టారు. చదివినవి మళ్లీ ఇంకొకరు సరిచూస్తారు. అన్నీ అయ్యాక నంబర్లకు పేర్లు కలిపి, జాబితా పై అధికారులకు పంపిస్తారు. ఆ కలపడం నిరుడు డిసెంబరులో జరిగింది.

"ఆగస్టులో అది మాకు ఒక నంబరు సోనీ. అందులో మీ చెల్లెలు ఉందని ఎవరికీ తెలియదు" అన్నారు.

"డిసెంబరులో కలిపింది ఎవరు సార్?"

ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచారు. రోడ్డు మీద సంత జనం పోతున్నారు. అల్లం బుట్టలు మోస్తున్న ఆడవాళ్లు ఇద్దరు వసారా ముందు ఆగి, బల్ల మీది మైక్రోస్కోపును వింతగా చూసి నడిచిపోయారు.

"నేనే" అన్నారు చివరికి. "కొండిగుడ అని చూశాను. పేరు చూశాను. నువ్వు సెప్టెంబరులో సెలవుచీటీలో రాసిన పేరు అదే. రెండు రోజులు ఆ కాగితం బల్ల మీద పెట్టుకు కూర్చున్నాను. నిన్ను పిలిచి ఎలా చెప్పాలో తెలియలేదమ్మా."

"జనవరిలో పత్రికకు అనుమతి ఇచ్చారు."

ఆయన తల వంచుకున్నారు.

ఇప్పుడు సోనికి అన్నీ వరసగా అర్థమయ్యాయి. ఆ రోజు ఆయన గదిలోంచి బయటికొచ్చి, ఆరుగురూ క్యాంటీన్లో ఒకరి భుజాలు ఒకరు చరుచుకున్నారు. తమ అర్జీ బాగా రాసినందుకే దొరికిందని సాయిదుర్గ ఎగిరింది. అది అర్జీకి వచ్చింది కాదు. బాగు చేయించిన మిషను, రెండు డబ్బాల సిరా, స్టోరు గది, తన చేతిలో పెట్టిన తాళంచెవి, అన్నీ ఒకే చోటి నుంచి, డిసెంబరులో ఆయన బల్ల మీద ఉన్న ఆ కాగితం నుంచి వచ్చాయి. గుమ్మం దగ్గర సాయిదుర్గకూ అర్థమైనట్టుంది. గోడకు ఆనుకుని నేల మీద చతికిలబడింది.

"రిజిస్టరు నేను చూడాలనే ఇచ్చారా?" అని అడిగింది సోని.

"అవును. నోటితో చెప్పలేక" అన్నారాయన.

కోపం వస్తుందేమోనని సోని ఎదురుచూసింది. రైల్లో ఉన్నంతసేపూ దాని కోసమే చూసింది. అది రాలేదు. ఎదురుగా ఉన్న మనిషి గడ్డం మీద ఒక మెతుకు అంటుకుని ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది. చెల్లెలి పేరు ఈయన చేతిరాతలో ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయింది. గుండ్రంగా, పొందిగ్గా ఉంది. మంచి రాత.

ఏం రాస్తావని ఆయన అడిగారు. తెలియదని చెప్పింది. ఉన్నది ఉన్నట్టు రాసినా తాను అడ్డం చెప్పనన్నారు. అయితే అది బయటికొస్తే సర్వే ఆగిపోతుంది, ఈ క్యాంపు ఎత్తేస్తారు, ఈ కొండల్లో జ్వరాలను లెక్కించే మనిషి కూడా మిగలడు, అది కూడా ఆలోచించుకో అన్నారు. అందులో బెదిరింపు లేదు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారని సోనికి తెలుసు.

"మా అమ్మకు చెప్పి వస్తాను" అని మెట్లు దిగింది.

*

కొండిగుడ అక్కడికి ముప్పావు గంట నడక. వాన లేదు గానీ బాట చిత్తడిగా ఉంది. సాయిదుర్గ వస్తానంది, సోని వద్దంది.

తల్లి సోములమ్మ మడిలో చోడినారు, అంటే రాగినారు, తీస్తోంది. కూతుర్ని చూసి నడుము ఎత్తింది. సెలవులా అని అడిగింది. కాదని చెప్పి, సోని చెప్పులు గట్టు మీద వదిలి తనూ మడిలోకి దిగింది. ఇద్దరూ పక్కపక్కన వంగి నారు పీకుతుంటే చెప్పింది. స్లైడంటే ఏమిటో, నంబరంటే ఏమిటో, ఏ తేదీన ఎవరికి ఏం తెలుసో. ఆ మాటలకు తమ ఇంటి భాషలో పేర్లు లేవు. తెలుగు మాటలే మధ్యమధ్య పెట్టుకుంటూ చెప్పింది. సోములమ్మ మధ్యలో ఎక్కడా ఆపలేదు. కట్ట నిండగానే గడ్డితో ముడివేసి పక్కన పెట్టి ఇంకో కట్ట మొదలుపెట్టింది.

అంతా విన్నాక ఒక్కటి అడిగింది. "బేగి సెప్పుంటే, మాత్రలేసుంటే, గుంట బతికేదా?"

ఈ ప్రశ్నకు ఎమ్మెస్సీ చదివిన మనిషి దగ్గర జవాబు ఉంది. లేదని చెప్పడం తేలిక. దేవుడి నిర్ణయమని చెప్పడం ఇంకా తేలిక.

"బతికేదమ్మా" అంది సోని.

సోములమ్మ తల ఊపింది. చేతికి అంటిన బురద నీళ్లలో జాడించుకుంది. పైమడిలోంచి నీళ్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

తర్వాత మామూలుగా, పనిలో పనిగా చెప్పింది. నిరుడు సూది చూసి మాధవి ఇంటి వెనక్కి పారిపోయిందట. అక్క ఉత్తరం రాసింది కదా, మా సారోళ్లొస్తారు, అందరూ రక్తం ఇవ్వండని, నువ్వివ్వకపోతే అక్కకు మాటొస్తుందని తల్లే చెప్పి తీసుకొచ్చిందట. సోనికి ఆ ఉత్తరం గుర్తుంది. చేరిన కొత్తలో, విభాగం పేరు అచ్చువేసిన కాగితం మీద గొప్పగా రాసిన ఉత్తరం.

"మొన్న మళ్లీ వచ్చారు. ఊరోళ్లు మేం ఇవ్వం అన్నారు. సోని సారులే, ఇవ్వండ్రా అని నేనే సెప్పాను. ముప్పై రెండు మందిమి ఇచ్చాం."

సోని నడుము ఎత్తి నిలబడింది.

"ఎప్పుడు?"

"మొన్న మంగళారం. జొరాలు మళ్లీ మొదలయ్యాయి గదా."

ముప్పై రెండు పూతలు. వాటికి నంబర్లు. ఒక పుస్తకంలో పేర్లు, ఇంకో పుస్తకంలో ఫలితాలు, డిసెంబరులో ఎవరో కూర్చుని కలుపుతారు. క్యాంపు ముగించిన రోజున, ఘాటు రోడ్డు మీద చీకటి పడకముందే దిగిపోవాలని జీపు మూడింటికల్లా బయల్దేరుతుంది. అది ఆమెకు తెలుసు. సంత రోజుతో క్యాంపు ముగుస్తుంది. సంత ఇవాళే.

చెప్పులు గట్టు మీదే మరిచిపోయి పరుగెత్తింది.

*

ఆమె వచ్చేసరికి జీపు ఇంజను వేసి ఉంది. వెనక సామాన్లు ఎక్కించారు. మోహన్‌కృష్ణ ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. వద్దన్నా ఎక్కించబోతున్న పైడయ్యతో, సోని వచ్చేదాకా నేను కదలనని సాయిదుర్గ వసారా స్తంభం పట్టుకుని వాదిస్తోంది. సోని వచ్చి జీపుకు ఎదురుగా నిలబడింది. మోకాళ్ల దాకా బురద. ఊపిరి అందటం లేదు.

"కొండిగుడ స్లైడుల పెట్టె దించండి సార్. ఇక్కడే చదువుతాను."

అది పద్ధతి కాదని ఆయన అన్నారు. పూతలు విభాగంలో రంగు వేయాలి, ఇద్దరు చదవాలి, ఇక్కడ చదివితే ఆ ముప్పై రెండూ సర్వేలో పనికిరావు. ఆమె వాదించలేదు, పక్కకూ తప్పుకోలేదు. డ్రైవరు ఆయన వంక చూశాడు. సంత నుంచి తిరిగి వెళ్తున్న జనం ఆగి చూస్తున్నారు. ఆ జనంలో కొండిగుడ వాళ్లూ ఉన్నారు. కాసేపటికి ఆయన చెయ్యి చాచి తాళం తిప్పారు. ఇంజను ఆగింది.

జీపులోని సామాన్లలోంచి రంగు సీసాలు సాయిదుర్గ తీసింది. నీలంలో ముంచి, కడిగి, ఎరుపులో ముంచి, కడిగి, వసారా గట్టు మీద వరసగా ఆరబెట్టింది. సోని బల్లను వెలుతురు పడేచోటికి జరుపుకుని, మైక్రోస్కోపు అద్దాన్ని ఆకాశం వైపు తిప్పుకుంది. మొదటిది శుభ్రంగా ఉంది. రెండోదీ అంతే. ఆరు స్లైడుల దాకా ఏమీ లేదు. ఏడోదాంట్లో, లేత రంగు రక్తకణాల్లో సన్నటి ఉంగరాలు కనిపించాయి. ఒకటి కాదు, చూసిన ప్రతిచోటా.

"ఏడు. పేరు చదవండి సార్" అంది గాజు నుంచి కన్ను తీయకుండానే.

పేర్ల పుస్తకం ఆయన ఒళ్లో ఉంది. పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన గొంతు, ఎవరో కొత్త మనిషి గొంతులా వచ్చింది. "రత్నాలు. ఆరేళ్లు."

డ్రైవరుకు మాత్రలిచ్చి పంపుదామా అన్నారు. సోని తల అడ్డంగా ఊపింది. "మీరు వెళ్లండి సార్. ఏమయిందో వాళ్లకు మీరు చెప్పాలి. నేను మిగతావి చదవాలి."

ఆ గూడేనికి ఆయన ఎన్నడూ నడిచి వెళ్లలేదు. ఎప్పుడూ పిల్లల్నే పంపేవారు. పుస్తకం సాయిదుర్గకిచ్చి, ఒక మాత్రల డబ్బా తీసుకుని, ప్యాంటు మడిచి, దారి చూపించడానికి కొండిగుడ మనిషినొకడిని వెంటబెట్టుకుని బయల్దేరారు. మలుపు తిరిగేదాకా సాయిదుర్గ చూస్తూ నిలబడింది.

"రాసుకోడానికి కాగితం ఏది?" అని సోని అడిగింది.

సాయిదుర్గ సంచి వెతికింది. నోటుపుస్తకం హాస్టల్లో ఉండిపోయింది. ఉన్నది సర్వే వ్యాసం కోసం తెచ్చుకున్న స్టెన్సిల్ కాగితమూ, ఇనప కలమూ. ఇద్దరూ దాన్ని చూశారు. దాని మీద రాస్తే వంద కాపీలు తీయొచ్చు. ఆరోగ్య కేంద్రానికి ఒకటి, ఆశ్రమ పాఠశాలకు ఒకటి, ప్రతి గూడేనికీ ఒకటి.

"ఇదే మొదటి పేజీ సేసీమంటావేటి?" అంది సాయిదుర్గ. తడబడితే ఆమె నోట ఊరి మాట వస్తుంది.

"రాయి" అంది సోని.

పైన 'చీమలబారు, మొదటి సంచిక' అని చెక్కి, కింద ఏడో నంబరూ, రత్నాలు పేరూ రాసింది సాయిదుర్గ. తర్వాత పన్నెండు, పదిహేను. ఒకరు ముసలాయన, ఒకరు చంటిపిల్ల తల్లి. వాళ్ల మాత్రలతో పైడయ్య కూడా కొండెక్కాడు. అయిదు దాటింది. వెలుతురు తగ్గుతుంటే సోని అద్దాన్ని కొద్దికొద్దిగా తిప్పుకుంటోంది. లోపల ఎక్కడా ఏమీ కదలడం లేదు. ఈ రోజంతా ఎవరో చెబుతుంటే వింటున్నట్టే ఉంది.

పందొమ్మిదో స్లైడు పెట్టింది. చాలాసేపు చూసింది. ఉంగరాలే కాదు, వాటి మధ్య నెలవంకల్లాంటివి కూడా ఉన్నాయి. ఇది నిన్నమొన్న పట్టిన జ్వరం కాదు. వారాల తరబడి ఒంట్లో ఉండి, బయటికి చెప్పుకోకుండా పనికెళ్తున్న మనిషిది.

"పందొమ్మిది. ఎవరు?"

సాయిదుర్గ వేలు పేజీ మీద కిందికి జారి ఒకచోట ఆగింది. ఇనప కలం కింద పెట్టేసింది. పుస్తకం మీద అరచెయ్యి బోర్లించింది.

"ముందు నువ్వు లెగే. ఇలా వచ్చి కూకో."

సోని మైక్రోస్కోపు నుంచి మొహం తిప్పి ఆమె వంక చూసింది. మోకాళ్ల మీద ఆరిన నారుమడి బురదను ఒక్కసారి చూసుకుంది.

"నువ్వు కూడా దాచకు సాయీ" అంది. "చెయ్యి తీసి చదువు."